హెడ్‌లైట్లు వేయగానే టెంపరేచర్ ముల్లు, పెట్రోలు ముల్లు రెండూ పైకి పోతున్నాయి: లోపం ఎక్కడ వెతకాలి?

కాకినాడ_ప్రయాణి అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మా నాన్నగారు వాడిన 1990ల నాటి కార్బురేటర్ పెట్రోలు కారు ప్రస్తుతం నా దగ్గర ఉంది. ఊళ్లో తిరగడానికీ, అప్పుడప్పుడు రాజమహేంద్రవరం దాకా వెళ్లి రావడానికీ దీన్నే వాడుతున్నాను. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఈ తరహా మీటరు బోర్డు ఆ కాలపు చిన్న కార్లలో చాలావాటికి ఉండేది కనుక, పాతికేళ్లు దాటిన బండిలో వచ్చిన చిక్కును తయారీదారు మీద వేయడం నాకు సబబుగా తోచలేదు.

పగటిపూట ఇంజన్ వేడెక్కాక టెంపరేచర్ ముల్లు సగం గీత దగ్గరో, దానికి ఒక పిసరు పైనో నిలబడుతుంది. రాత్రిపూట లైట్లు వేసుకుని బయలుదేరితే మాత్రం అదే ముల్లు నెమ్మదిగా లేచి ముప్పావు దగ్గరికి, డిప్ నుంచి బ్రైట్‌కు మారిస్తే ఇంకాస్త పైకి పోతుంది. ఇక్కడి మెకానిక్ గారు ఇంజన్ వేడెక్కుతోందని చెప్పి రేడియేటర్ శుభ్రం చేశారు, థర్మోస్టాట్ వాల్వు మార్చారు, చివరికి టెంపరేచర్ సెన్సర్ కూడా కొత్తది వేశారు. ఆయన బండిని ప్రతిసారీ పగలే నడిపి చూసి, అంతా సరిగ్గానే ఉందని ఇచ్చేస్తున్నారు. రాత్రి మళ్లీ అదే కథ.

ఈమధ్య గమనించిన సంగతి ఏమిటంటే, లైట్లు వేసినప్పుడు పెట్రోలు ముల్లు కూడా పైకి పోతోంది. సాయంత్రం సగం ట్యాంకు చూపించినది, చీకటి పడి లైట్లు వేశాక పోయించకుండానే ముప్పావుకు చేరువగా చూపిస్తుంది. ట్యాంకు నిండా పోయించినా పగలు ముప్పావు దగ్గరే ఆగిపోతుంది, రాత్రయితే ఎఫ్ గీతను తాకుతుంది. కాబట్టి ఏ పూట చూపేది నిజమో తేల్చుకోలేకపోతున్నాను. ఇండికేటర్ వేసినప్పుడు అది వెలిగిన ప్రతిసారీ మీటరు బోర్డు లైట్లు కొద్దిగా మసకబారుతున్నాయి. స్పీడోమీటరు మాత్రం ఎప్పటిలాగే చక్కగా పనిచేస్తోంది, అందువల్ల బోర్డు లోపల లోపం లేదని మెకానిక్ గారి అభిప్రాయం.

నా దగ్గర మామూలు డిజిటల్ మల్టీమీటరు ఉంది, వోల్టులు, ఓములు కొలవడం తెలుసు. ఇంకా విడిభాగాలు మార్చుకుంటూ పోకుండా, లోపం ఎక్కడుందో కొలిచి తెలుసుకునే పద్ధతి ఎవరైనా వివరించగలరా?

ఆటోనగర్_వైర్‌మన్ ఇచ్చిన జవాబు

నమస్కారమండి. విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్లుగా వైరింగ్ పనులే చేస్తున్నాను. మీరు లక్షణాలను ఇంత వివరంగా రాయడం వల్ల సగం పని ఇక్కడే అయిపోయింది. రెండు ముళ్లూ కలిసి, ఒకే దిశలో, అదీ లైటు స్విచ్ నొక్కినప్పుడే తప్పు చూపిస్తున్నాయంటే, మొదట చూడవలసింది ఆ రెండు మీటర్లకూ ఉమ్మడిగా ఉన్నదాన్ని. టెంపరేచర్ సెన్సర్ ఇంజన్ మీద ఉంటుంది, పెట్రోలు సెన్సర్ వెనక ట్యాంకులో ఉంటుంది. వాటి మధ్య సంబంధమేమీ లేదు, లైట్లతో అసలే లేదు. ఉమ్మడిగా ఉన్నవి ఇగ్నిషన్ నుంచి వచ్చే సరఫరా, దాన్ని స్థిరంగా ఉంచే వోల్టేజి స్టెబిలైజర్, బోర్డు వెనక ఉన్న ఎర్త్ తీగ, అంటే కరెంటు బండి బాడీ గుండా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి చేరే దారి. మీ బండిలో నా అనుమానమంతా ఆ ఎర్త్ మీదే. ఎందుకో చెబుతాను.

ఆ కాలపు చిన్న కార్ల మీటర్లు చాలావరకు వేడితో పనిచేసేవి. లోపల రెండు వేర్వేరు లోహాలను అతికించిన సన్నని రేకు ఉంటుంది, దాని మీద హీటరు తీగ చుట్టి ఉంటుంది. సెన్సర్ ఎంత కరెంటు పోనిస్తే తీగ అంత వేడెక్కుతుంది, రేకు వంగి ముల్లును నెడుతుంది. అందుకే ఇగ్నిషన్ ఆన్ చేశాక పెట్రోలు ముల్లు ఒక్కసారి ఎగరకుండా కొన్ని సెకన్లపాటు మెల్లగా లేస్తుంది. మీ ముళ్లు కూడా నెమ్మదిగానే పైకి పోతున్నాయని రాశారు, ఇండికేటర్‌తో పాటు అవి ఊగుతున్నాయని రాయలేదు. అదే అయస్కాంత చుట్టలతో పనిచేసే మీటరైతే ఎర్త్ చెడినప్పుడు ముల్లు ఇండికేటర్ తాళానికి తగ్గట్టు అదురుతుంది. కాబట్టి మీవి వేడి మీటర్లేనని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు.

ఇలాంటి మీటరుకు బ్యాటరీ వోల్టేజి నేరుగా ఇస్తే ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ఒక లెక్క, ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ 14 వోల్టులు ఇస్తున్నప్పుడు మరో లెక్క చూపిస్తుంది. అందుకని మధ్యలో స్టెబిలైజర్ పెట్టి, సగటున 10 వోల్టులో, కొన్ని బండ్లలో 7 వోల్టులో మాత్రమే మీటర్లకు అందేలా చేశారు. ఇక్కడే అసలు కిటుకు ఉంది. స్టెబిలైజర్ ఆ 10 వోల్టులను కొలుచుకునేది బోర్డు ఎర్త్ నుంచి, బ్యాటరీ నెగటివ్ నుంచి కాదు. మీటర్ల కరెంటు మాత్రం సెన్సర్ల గుండా ఇంజన్ ఎర్త్‌కూ, ట్యాంకు దగ్గరి బాడీ ఎర్త్‌కూ పోతుంది. బోర్డు ఎర్త్ తుప్పు పట్టి అడ్డుపడితే, లైట్లు వేసినప్పుడు బోర్డు బల్బుల కరెంటంతా ఆ ఇరుకు దారిలో పోవలసి వస్తుంది. చివరి మురుగు తూము పూడుకుపోతే పైచేలలో నీటిమట్టం లేచినట్టు, బోర్డు ఎర్త్ తన సున్నా నుంచి పైకి లేస్తుంది. అది 2 వోల్టులు లేచిందనుకుంటే స్టెబిలైజర్ ఇచ్చే 10 వోల్టులు సెన్సర్ల వైపు నుంచి చూస్తే 12 అవుతాయి. వేడి అనేది వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, వోల్టేజి 20 శాతం పెరిగితే ముల్లును నెట్టే వేడి 40 శాతానికి పైగా పెరుగుతుంది. సగం గీత దగ్గర ఉండవలసిన ముల్లు ముప్పావుకు చేరువ కావడానికి అది చాలు. బ్రైట్ వేస్తే బోర్డులో నీలం దీపం అదనంగా వెలుగుతుంది, ఆ కరెంటూ అదే దారిన పోతుంది, ముల్లు ఇంకాస్త లేస్తుంది. ఇండికేటర్ దీపం వెలిగినప్పుడల్లా బోర్డు లైట్లు మసకబారడానికీ కారణం అదే.

స్పీడోమీటరు బాగుంది కాబట్టి బోర్డు బాగుందనే వాదన మీ బండికి వర్తించదు. మీ స్పీడోమీటరుకు కరెంటుతో పనే లేదు. గేరుబాక్సు నుంచి వచ్చే కేబుల్ ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది, దాన్ని ఆనుకుని ఉన్న అల్యూమినియం గిన్నెలో పుట్టే సుడి కరెంట్లు ముల్లును స్ప్రింగుకు ఎదురుగా లాగుతాయి. 1902లో జర్మనీలో ఓటో షుల్జ్ పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. బ్యాటరీ తీసేసి బండిని తోసినా అది కదులుతుంది.

ఏ పరికరమూ లేకుండా ముందు ఒక పరీక్ష చేయండి. రాత్రి ముల్లు ముప్పావు దగ్గర ఉన్నప్పుడు బండిని క్షేమమైన చోట పక్కకు ఆపి, ఇంజన్‌ను నడుస్తూనే ఉంచి, లైట్లన్నీ ఆర్పండి. ఒకటి రెండు నిమిషాల్లో రెండు ముళ్లూ కిందికి దిగి, లైట్లు వేయగానే మళ్లీ లేస్తే, ఇంజన్ నిర్దోషి. అయినా వేడి విషయంలో ఊహ మీద ఆధారపడవద్దు. దూరం నుంచి వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు దొరికితే థర్మోస్టాట్ ఉన్న గూడు మీద కొలవండి. చాలా థర్మోస్టాట్‌లు 82 నుంచి 88 డిగ్రీల దగ్గర తెరుచుకుంటాయి కాబట్టి అక్కడ 85, 90 ప్రాంతంలో కనిపిస్తే కంగారు లేదు. కూలెంట్ మట్టం మాత్రం ఇంజన్ చల్లారాకే చూడాలి, వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదు.

ఇక మల్టీమీటరు పని. దాన్ని 20 వోల్టుల డీసీ మీద పెట్టండి. నలుపు తీగకు పొడవైన వైరు కలిపి బ్యాటరీ నెగటివ్ గుబ్బకే ఆనించండి, క్లాంపుకు కాదు. ఎరుపు తీగను బోర్డు వెనక ఎర్త్ తీగ బిగించిన స్క్రూ మీద ఆనించండి. ఇంజన్ నడుస్తూ ఉండగా లైట్లు ఆర్పి ఒకసారి, పార్కింగ్ లైట్లు వేసి ఒకసారి, బ్రైట్ వేసి ఒకసారి చూసి రాసుకోండి. ఆరోగ్యంగా ఉన్న ఎర్త్ మీద అన్ని లైట్లూ వెలుగుతున్నా 0.1 వోల్టు మించకూడదు. అర వోల్టు దాటిందంటే లోపం దొరికినట్టే. అప్పుడు బోర్డు ఎర్త్ స్క్రూ నుంచి బ్యాటరీ నెగటివ్‌కు తాత్కాలికంగా మందపాటి వైరు కలపండి. ముళ్లు దిగివస్తే ఇక విడిభాగాలేవీ కొననక్కరలేదు.

చాలామంది ఈ చోట ఓములు కొలిచి ఎర్త్ బాగుందని తేల్చేస్తారు. మల్టీమీటరు ఓములు కొలిచేటప్పుడు పంపే కరెంటు అతి స్వల్పం, తీగలో పది పోగులు తెగి ఒకటే మిగిలినా అది బాగానే ఉందని చెబుతుంది. ఎర్త్‌ను ఎప్పుడూ కరెంటు పారుతున్నప్పుడే, వోల్టుల్లోనే కొలవాలి.

మియాపూర్_సారథి ఇచ్చిన జవాబు

ఇంత శ్రమ ఎందుకండీ? పాత కార్లు విప్పి అమ్మే చోట ఆ మోడల్ మీటరు బోర్డు మొత్తంగా దొరుకుతుంది. నాలుగు స్క్రూలు విప్పి, కప్లర్లు మార్చి, స్పీడోమీటరు కేబుల్ తగిలించేస్తే ఒక పూటలో పని పూర్తవుతుంది. మా పెదనాన్నగారి బండికి ముళ్లన్నీ చచ్చుబడితే అలాగే చేశాం, ఇప్పటికీ బాగా నడుస్తోంది. స్టెబిలైజర్, ఎర్త్ అని వెతుకుతూ కూర్చుంటే వైరింగులో ఇంకొకటి కదిలి కొత్త సమస్య తెచ్చుకుంటారేమోనని నా భయం.

పాలిటెక్నిక్_మాష్టారు ఇచ్చిన జవాబు

సారథి గారూ, మీ పెదనాన్నగారి బండిలో లోపం బోర్డు లోపల ఉండి ఉంటుంది, అందుకే బోర్డు మారితే పోయింది. ప్రశ్న అడిగినవారి బండిలో అనుమానం బండి బాడీకి బిగించిన ఎర్త్ తీగ మీద ఉంది. అది బోర్డుతో పాటు రాదు, బండిలోనే ఉండిపోతుంది. కొత్త బోర్డు బిగించిన రాత్రే ఆ ముళ్లు కూడా పైకి లేస్తాయి. పైగా బోర్డు మారిస్తే ఓడోమీటరు మారిపోతుంది. బండి నిజంగా తిరిగిన కిలోమీటర్లు ఒకటి, బోర్డు చూపేది మరొకటి అవుతుంది. తప్పనిసరై మార్చినవారు పాత రీడింగు, కొత్త రీడింగు, మార్చిన తేదీ రాసి బిల్లుతో పాటు దాచుకోవాలి, బండి అమ్మేటప్పుడు కొనేవారికి ఆ సంగతి చెప్పాలి.

వైర్‌మన్ గారు చెప్పిన దానికి నేను చేర్చేది ఒకటుంది. ఎర్త్ సరిచేశాక కూడా ముళ్లు ఎక్కువే చూపిస్తే స్టెబిలైజర్‌ను పరీక్షించవలసి వస్తుంది. పాత రకం స్టెబిలైజర్‌లో కూడా వేడికి వంగే రేకే ఉంటుంది, దాని కాంటాక్టులు తెరుచుకుంటూ మూసుకుంటూ సగటున 10 వోల్టులు ఇస్తాయి. డిజిటల్ మల్టీమీటరులో దాన్ని కొలిస్తే అంకెలు సున్నాకూ 12కూ మధ్య గెంతుతూ కనిపిస్తాయి, అది చెడిపోయిన గుర్తు కాదు, పనిచేస్తున్న గుర్తు. అక్కడ చిన్న బల్బు తగిలిస్తే మిణుకుమిణుకుమంటుంది, ముల్లు మీటరైతే ఇంకా సుళువు. ఎలక్ట్రానిక్ రకమైతే వోల్టేజి నిలకడగా ఉంటుంది. కాంటాక్టులు అతుక్కుపోతే పగలూ రాత్రీ తేడా లేకుండా రెండు ముళ్లూ పైకి పోతాయి, తెరుచుకునే ఉండిపోతే రెండూ అడుగున పడి ఉంటాయి. మీ బండిలో లైట్లను బట్టి మారుతోంది కనుక ఇది రెండో అనుమానమే. టెంపరేచర్ సెన్సర్ కొత్తది వేశారని రాశారు. ఒంటి తీగ సెన్సర్‌కు మర చుట్టూ ఉన్న లోహమే ఎర్త్, అందుకని దాని మీద తెల్లని టేపు దట్టంగా చుట్టి బిగించలేదు కదా అని ఒకసారి చూడండి. చుట్టి ఉంటే ముల్లు తక్కువ చూపిస్తుంది, మీ లక్షణానికి అది వ్యతిరేకమే అయినా, ఎర్త్ సరయ్యాక ఆ తేడా బయటపడవచ్చు.

ఇది చదివే ఇతరులకు ఒక హెచ్చరిక కూడా అవసరం. ఈ పద్ధతిని యథాతథంగా కొత్త కార్లకు వాడవద్దు. వాటిలో ముళ్లను తిప్పేవి చిన్న స్టెపర్ మోటార్లు. టెంపరేచర్ సెన్సర్ తీగలు మీటరు బోర్డుకు రానే రావు, ఇంజన్ కంప్యూటరుకు పోతాయి. అది చదివిన విలువను క్యాన్ అనే జంట తీగల మీద బోర్డుకు పంపిస్తుంది. కాబట్టి అక్కడ మొదటి పని, బండి కంప్యూటరులోని వివరాలు చదివే స్కానర్ పెట్టి కంప్యూటరు ఎంత వేడి చదువుతోందో చూడడం. స్కానర్‌లో 90 డిగ్రీలు సవ్యంగా కనిపిస్తూ ముల్లు మాత్రం అడుగున ఉంటే లోపం బోర్డులోనో, దారిలోనో ఉంది. స్కానర్‌లోనే మైనస్ 40 డిగ్రీలు కనిపిస్తే సెన్సర్ తీగ తెగిందని అర్థం, దానికి సాధారణంగా వచ్చే లోపం కోడ్ పీ0118. తీగ బాడీకి తగులుకుంటే విపరీతమైన వేడి కనిపిస్తుంది, ఆ కోడ్ పీ0117. మన దేశంలో కార్లకు తొలి దశ ఓబీడీ (బండి తన లోపాలను తానే గుర్తించి చెప్పే ఏర్పాటు) 2010 ఏప్రిల్ నుంచి, రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది కాబట్టి 2013 తరువాతి బండ్లలో మామూలు స్కానరుతో ఈ పని చేసుకోవచ్చు. అన్ని ముళ్లూ ఒకేసారి పడిపోయి బోర్డు నిండా హెచ్చరిక దీపాలు వెలిగితే, బ్యాటరీ తీసి ఓబీడీ కప్లర్‌లో 6, 14 నంబరు పిన్నుల మధ్య ఓములు కొలవండి. రెండు కొసల్లో ఉన్న 120 ఓముల నిరోధాలు కలిసి 60 చూపించాలి. 120 కనిపిస్తే తీగ ఎక్కడో తెగింది, లేదా ఒక కొస ఊడింది.

కొత్త కార్లలో ఇంకొక చిత్రం ఉంది. ఇంజన్ వేడి కొంత మేర అటూ ఇటూ అయినా ముల్లు నడిమధ్యనే నిలబడేలా చాలా కంపెనీలు కావాలనే అమర్చాయి. ముల్లు కాస్త కదిలితే చాలు జనం వర్క్‌షాపుకు పరుగెత్తుతున్నారనే ఉద్దేశంతో ఆ పని చేసి ఉంటారు. నా మట్టుకు నాకు మీ పాత వేడి మీటరే నిజాయితీగలది.

కాకినాడ_ప్రయాణి

ఇద్దరు గురువులకూ కృతజ్ఞతలు. సారథి గారూ, మీ సలహాను కూడా కాదనలేదు, కొలిచాక చూద్దామనుకున్నాను.

ముందు రాత్రి పరీక్ష చేశాను. బండి ఆపి, ఇంజన్ నడుస్తుండగా లైట్లు ఆర్పితే రెండు ముళ్లూ మెల్లగా దిగాయి, మళ్లీ వేస్తే లేచాయి. మరునాడు బోర్డు ముందుకు లాగి వోల్టులు కొలిచాను. లైట్లు లేకుండా 0.2 వోల్టులు, పార్కింగ్ లైట్లతో 1.8 వోల్టులు, బ్రైట్, ఇండికేటర్ కలిపి వేస్తే 2 వోల్టులు దాటి ఊగింది. తాత్కాలికంగా వైరు కలపగానే బోర్డు లైట్లు తెల్లగా వెలిగాయి, కాసేపట్లో ముళ్లు దిగాయి.

ఎర్త్ తీగను పట్టుకుని పోతే అది స్టీరింగు పక్కన బాడీ రేకుకు ఒక స్క్రూతో బిగించి ఉంది. ఎప్పుడో మ్యూజిక్ సిస్టమ్ బిగించినవారు ఆ స్క్రూ విప్పి, తమ ఎర్త్ తీగను కూడా దాని కిందే పెట్టి వదులుగా బిగించినట్టున్నారు. రింగు పచ్చగా చిలుము పట్టి ఉంది, కింద రేకు మీద తుప్పు. సముద్రపు గాలి ఊరు కాబట్టి ఆశ్చర్యం లేదు. గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, కొత్త రింగు వేసి, మ్యూజిక్ సిస్టమ్ ఎర్త్‌ను వేరే చోటికి మార్చి, బిగించాక పైన గ్రీజు రాశాను. ఇప్పుడు అన్ని లైట్లతోనూ 0.05 వోల్టులే ఉంది. టెంపరేచర్ ముల్లు రాత్రీ పగలూ సగం గీతకు ఒక పిసరు కిందే నిలబడుతోంది. సెన్సర్ మరకు టేపు చుట్టలేదు, అదీ చూశాను.

అయితే పెట్రోలు ముల్లు సంగతి ఇంకా తేలలేదు. ట్యాంకు నిండా పోయించినా ఇప్పుడు రాత్రి కూడా ముప్పావు దగ్గరే ఆగుతోంది. ట్యాంకు ఖాళీ అయ్యే వేళకు మాత్రం దాదాపు సరిగ్గానే చూపిస్తోంది. ఎర్త్ సరిచేశాక ఇది మరింత చెడిందని మా ఇంట్లో వాళ్లు అంటున్నారు.

ఆటోనగర్_వైర్‌మన్

చెడలేదండీ, దాగి ఉన్న రెండో లోపం బయటపడింది. మీ మొదటి ప్రశ్నలోనే, నిండా పోయించినా పగలు ముప్పావు దగ్గర ఆగుతుందని రాశారు. రాత్రి బోర్డు ఎర్త్ లోపం ముల్లును పైకి నెట్టి, ఈ లోపాన్ని కప్పిపెట్టేది. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ చూపించి రెండూ కలిసి ఎఫ్ గీత మీద సరిగ్గా నిలబెట్టాయి.

నిండుగా ఉన్నప్పుడు తప్పు ఎక్కువ, ఖాళీ దగ్గర తక్కువ అన్నారు చూడండి, అక్కడే జవాబుంది. ఈ తరహా పెట్రోలు సెన్సర్లు చాలావాటిలో ట్యాంకు నిండుగా ఉంటే నిరోధం 3 ఓముల ప్రాంతంలో, ఖాళీగా ఉంటే 110 ఓముల ప్రాంతంలో ఉంటుంది. మీ మోడల్ అంకెలు సర్వీసు మాన్యువల్‌లో సరిచూసుకోండి, ఎందుకంటే కొన్ని యూరప్ బండ్లలో ఇది తలకిందులుగా, ఖాళీకి 10, నిండుకు 180 ఓములుగా ఉంటుంది. మీ దారిలో ఎక్కడో 8 ఓముల అదనపు నిరోధం చేరిందనుకోండి. ఖాళీ దగ్గర 110 కాస్తా 118 అయితే ముల్లుకు పెద్ద తేడా తెలియదు. నిండు దగ్గర 3 కాస్తా 11 అయితే మీటరు వేడి దాదాపు పావు వంతు తగ్గి ముల్లు ముప్పావులో ఆగిపోతుంది. ఫ్లోట్ అంటుకుపోయినా, సెన్సర్ లోపలి పట్టీ అరిగినా ఇంత క్రమంగా ఉండదు, ఎక్కడో ఒకచోట ముల్లు హఠాత్తుగా పడిలేస్తుంది. కాబట్టి ఇదీ ఎర్త్ లోపమే అనుకుంటున్నాను, ఈసారి ట్యాంకు దగ్గర.

ట్యాంకు నిండుగా ఉన్న రోజు, ఇంజన్ పూర్తిగా చల్లారాక, గాలి ఆడే చోట, బ్యాటరీ నెగటివ్ తీసేసి ఈ పని చేయండి. చుట్టుపక్కల నిప్పు, సిగరెట్టు, బల్బు లాంతరు ఏదీ ఉండకూడదు. సెన్సర్‌ను ట్యాంకు నుంచి విప్పవద్దు, ఆ అవసరం రాదు. పైనున్న తీగ ఒక్కటి ఊడదీసి, ఆ టెర్మినల్‌కూ సెన్సర్ లోహపు మూతకూ మధ్య ఓములు కొలవండి. తరువాత అదే టెర్మినల్‌కూ బాడీ మీద శుభ్రమైన లోహానికీ మధ్య కొలవండి. మొదటిది 3, రెండోది 11 వస్తే మధ్యనున్న 8 ఓములు ట్యాంకు ఎర్త్ తీగవి. ఓములను నమ్మవద్దని ముందు చెప్పి ఇప్పుడు ఓములే కొలవమంటున్నానేమని అడగవచ్చు. బోర్డు ఎర్త్ దారిలో ఆంపియర్ దాకా కరెంటు పారుతుంది, 1 ఓము అడ్డంకి కూడా కొంప ముంచుతుంది. ఇక్కడ పారేది అందులో ఐదో వంతు కూడా ఉండదు, వెతుకుతున్నది 8 ఓములు. అంత పెద్దది మామూలు మీటరుకు దొరుకుతుంది.

రెండు చోట్లా 3 ఓములే వస్తే, బోర్డు నుంచి వెనక్కి వచ్చే తీగ కప్లర్లను చూడాలి. అప్పుడు సెన్సర్ తీగను 10 ఓములు, 1 వాట్ నిరోధం గుండా బాడీకి కలిపి, మళ్లీ బ్యాటరీ తగిలించి, ఇగ్నిషన్ ఆన్ చేసి చూడండి. ఆ నిరోధాన్ని సామాను గదిలో, ట్యాంకు మూతకు దూరంగా ఉన్న కప్లర్ దగ్గరే కలపండి. తీగను నేరుగా బాడీకి తాకించి ముల్లు చివరిదాకా కొట్టుకునేలా చేయవద్దు, పాత మీటరు హీటరు తీగ కాలిపోయే అవకాశం ఉంది.

అనకాపల్లి_అద్దెబండి

ఇక్కడే ఒక చిన్న సందేహం. నా బండిలో రాత్రి అన్ని లైట్లూ, ఫ్యానూ వేస్తే ఛార్జింగ్ దీపం అతి మసకగా ఎర్రగా కనిపిస్తోంది, లైట్లు ఆర్పితే పోతుంది. ఇది కూడా బోర్డు ఎర్త్ లోపమేనా?

పాలిటెక్నిక్_మాష్టారు

కాదండి. ఆ దీపానికి మామూలుగా బోర్డు ఎర్త్‌తో పని లేదు. దాని ఒక కొసన ఇగ్నిషన్ సరఫరా, రెండో కొసన ఆల్టర్నేటర్ ఉంటాయి. రెండు వైపులా వోల్టేజి సమానంగా ఉంటే దీపం ఆరిపోతుంది, తేడా వస్తే వెలుగుతుంది. లోడు పెరిగినప్పుడు మసకగా వెలుగుతోందంటే ఇగ్నిషన్ స్విచ్‌లోనో ఫ్యూజు పెట్టెలోనో వోల్టేజి పడిపోతోంది, లేదా ఆల్టర్నేటర్‌లో ఒక డయోడు చెడింది. అన్ని లైట్లూ వేసి ఇంజన్ కాస్త రేజు చేస్తూ బ్యాటరీ మీద కొలవండి. 13.8కీ 14.4కీ మధ్య ఉంటే ముందుగా స్విచ్ వైపు వెతకండి. అంతకన్నా తక్కువ ఉంటే ఆల్టర్నేటర్ విప్పించవలసిందే. ఆ బల్బు కనిపించకపోతే బాగుంటుందని తీసేయకండి. చాలా పాత బండ్లలో ఆల్టర్నేటర్ మేల్కొనడానికి కావలసిన తొలి కరెంటు ఆ బల్బు గుండానే వెళుతుంది.

కాకినాడ_ప్రయాణి

వైర్‌మన్ గారూ, కొలిచాను. సెన్సర్ మూతకు 3.4, బాడీకి 12 ఓములు. ట్యాంకు ఎర్త్ తీగ వెనక సీటు కింద బిగించిన చోట రింగు మొత్తం తినేసి ఉంది. కొత్త రింగు వేశాక రెండు చోట్లా 3.4 వస్తోంది, ముల్లు ఎఫ్ గీత మీద నిలబడింది. తీసేసిన పాత టెంపరేచర్ సెన్సర్‌ను వేడినీళ్లలో పెట్టి కొలిస్తే వేడి పెరిగేకొద్దీ ఓములు సజావుగా తగ్గుతున్నాయి కాబట్టి దాన్ని స్పేరుగా దాచుకుంటున్నాను.